చెక్క ఎగిరేదాకా

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క వాక్యం. ఒక పాత బంగళా కప్పు మీద, పదిమంది ముందు నిలబడి, నా ఎదుట మాట్లాడుతున్న భాష నాకు అర్థం కాదని మా పైఅధికారికి చెప్పాను. ఎదురుగా ఆరుగురు ఆడవాళ్ళు ఉన్నారు. పాలమూరు నుంచి ఢిల్లీకి పనికి వచ్చిన కూలీలు. వాళ్ళు మాట్లాడుతున్నది తెలుగు. నాదీ తెలుగే. నా వాక్యం పూర్తయ్యేసరికి వాళ్ళ పని పోయేలా ఉంది. అంతకన్నా ముఖ్యంగా, పని తెలిసినవాళ్ళన్న పేరు పోయేలా ఉంది.

ఇది తొంభైల నాటి మాట. సర్కారు ఇళ్ళ మరమ్మతులు చూసే శాఖలో నేను జూనియర్ ఇంజనీరును. మాది ఒంగోలు పక్క. మయూర్ విహార్‌లో రెండో అంతస్తులో కాపురం. పొద్దున్నే స్కూటరు మీద యమున దాటి, మంత్రులూ అధికారులూ ఉండే ఆ నీడ రోడ్లలోకి వెళ్ళేవాణ్ణి. ఎక్కడ కుళాయి కారినా, ఎక్కడ సున్నం రాలినా మాకు ఫోను వచ్చేది. పదకొండేళ్ళ ఉద్యోగంలో అప్పటికి ఎన్నో బంగళాలు చూశాను. చూశాననే అనుకున్నాను.

ఈ బంగళా రైసీనా గుట్టకు దక్షిణాన, రెండువైపులా నేరేడు చెట్లున్న రోడ్డులో ఉంది. ఇంగ్లీషువాళ్ళు కొత్త రాజధాని కట్టుకుంటున్న రోజుల్లో వైస్రాయి కొలువులోని ఒక పెద్ద అధికారి కోసం కట్టారు. స్వాతంత్ర్యం తర్వాత కొందరు మంత్రులు ఉండి వెళ్ళారు. చివరికి, పదవీకాలం ముగిసి గుట్ట మీది మహాభవనం నుంచి దిగివచ్చిన ఒక రాష్ట్రపతి తన ఆఖరి ఏళ్ళు ఇందులో గడిపారు. ఆయన పోయాక కుటుంబం ఖాళీ చేసింది. మా ఫైళ్ళలో దానికి ఒక నంబరు మాత్రమే ఉండేది. తోటమాలి, కాపలావాళ్ళు, పాలు పోసేవాడు మాత్రం "రాష్ట్రపతి జీ కోఠీ" అనేవారు. ఆయన లేకపోయినా ఆ పేరు పోలేదు.

నేను మొదటిసారి జూన్‌లో, మరమ్మతుల అంచనా రాయడానికి వెళ్ళాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వసారా దాటి లోపలికి అడుగుపెట్టగానే ఎవరో తడిగుడ్డ భుజాన వేసినట్టయింది. కరెంటు లేదు, పంకా లేదు. ఇల్లే చల్లగా ఉంది. గోడ మందం కొలిస్తే నా చెయ్యి భుజం దాకా పట్టింది. ముందు తలుపు తెరిచి నిలబడితే, దాని వెనక తలుపు, దాని వెనక మరో తలుపు, అన్నీ ఒకే వరసలో ఉండి, చిట్టచివర వెనక తోటలోని పచ్చిక ఒక చిన్న చతురస్రంలా కనిపించింది. గోడల పైభాగంలో, కప్పు కింద, రోషన్‌దాన్లు అనే చిన్న కిటికీలు. తాడు లాగితే తెరుచుకుంటాయి. వేడిగాలి పైకి పోయి వాటిలోంచి బయటికి వెళ్ళిపోతుంది. మా ఆఫీసులో కూలరు పక్కన కూర్చుని చెమటలు కక్కే నాకు, డెబ్బై ఏళ్ళ కిందట ఎవరో గాలికి దారి గీసి పెట్టారని అప్పుడు తెలిసింది.

నా వెంట మా శాఖలో పనిచేసే ముసలి మేస్త్రీ వచ్చాడు. ధౌల్‌పూర్ వైపు మనిషి, అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. గుట్ట మీది భవనం కట్టేటప్పుడు అతని తండ్రి రాయి చెక్కాడట. వసారాలోని గుండ్రటి స్తంభం చుట్టూ నేను టేపు పెట్టి కొలిచాను. కింద ఒక కొలత వచ్చింది. నడుము దగ్గర అంతకంటే కాస్త ఎక్కువ వచ్చింది. పైన తగ్గింది. కట్టినవాళ్ళు లోపం చేశారనుకుని పుస్తకంలో రాసుకోబోయాను. ఉస్తాద్ నవ్వాడు.

"బేటా, అది తప్పు కాదు. తిన్నగా కడితే దూరం నుంచి నడుము నొక్కుకుపోయినట్టు కనబడుతుంది. మన కన్ను చేసే తప్పును రాయితో సరిచేశారు."

నేను పచ్చిక చివరి దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాను. స్తంభాలన్నీ నిటారుగా, గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. మళ్ళీ దగ్గరికి వెళ్ళి అరచేత్తో తడిమాను. ఉబ్బు ఉంది. చూడబోతే లేదు. ఆ పూట ఇంకేమీ కొలవలేదు.

ఇంటి వెనక వసారాకు మూడు మెట్లు. మెట్ల పక్కన, చాలా మెల్లగా దిగే వాలుదారి ఒకటి. ఆ రాష్ట్రపతి నడవలేని స్థితికి వచ్చాక వేయించారు. దాని పక్కన చేత్తో పట్టుకునే చెక్క కమ్మీ ఒకే ఒకచోట, మనిషి నడుమెత్తున, అద్దంలా మెరుస్తోంది. అక్కడ రోజూ ఆగేవారట. కుర్చీ ఎప్పుడూ తోట వైపుకే వేసుకునేవారని, గుట్టకు వీపు పెట్టి కూర్చునేవారని తోటమాలి చెప్పాడు. ఎందుకని అడిగితే, మొక్కల్ని చూసుకోవడానికి అన్నాడు. నాకు మాత్రం వేరే ఏదో తోచింది. అక్కడి నుంచి దిగివచ్చిన మనిషికి రోజూ దానివైపు చూడడం కష్టమేనేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఉత్తరపు గది ఆయన పుస్తకాల గది. కింద నుంచి నిలువెత్తు టేకు అరలు. పుస్తకాలు తీసుకెళ్ళిపోయారు గానీ, అవి ఉన్నచోట గోడ తెల్లగా, మిగతాచోట కొద్దిగా పసుపుగా ఉంది. ఏ పుస్తకం ఎంత ఎత్తో ఇంకా కనిపించేది. కప్పు అంచు చుట్టూ సున్నంతో చేసిన ఆకుల వరస. చలికాలం వానలకు ఈ గది కప్పే ఉరుస్తోంది. ఈ ఒక్క గది మీద పాత గచ్చు తీసేసి కొత్తది వేయాలని నేను అంచనాలో రాశాను. సిమెంటు వద్దని, పాత పద్ధతిలో సున్నంతోనే వేయాలని ఉస్తాద్ పట్టుపట్టాడు. ఆ గోడలూ ఆ కప్పూ సున్నంతో కట్టినవి, సిమెంటు వేస్తే ఊపిరాడక పగులుతాయన్నాడు. అదీ రాశాను.

పని మొదలయ్యేసరికి డిసెంబరు అయింది. కూతురి పెళ్ళికి ఉస్తాద్ సెలవు పెట్టి ఊరెళ్ళాడు. పని ఒప్పుకున్న కాంట్రాక్టరు, అక్కడి మాటలో ఠేకేదారు, పాలమూరు ఆడవాళ్ళను తెచ్చాడు. సున్నపు గచ్చు కొట్టడం ఢిల్లీలో అప్పటికే చాలామంది మరిచిపోయారు, వీళ్ళకు వచ్చు. ఇటుక కంకర, సున్నం, ఇటుక పొడి కలిపి కప్పు మీద పరిచి, ముందు దిమ్మిసతో మోదాలి. తర్వాత ఆడవాళ్ళు వరసగా గొంతుక్కూర్చుని, క్రికెట్ బ్యాటులా ఉండే పొట్టి చెక్కలతో కొడుతూ, అంగుళం అంగుళం ముందుకు జరగాలి. బెల్లం, మారేడు గుజ్జు నానేసిన నీళ్ళు చల్లుతూ మళ్ళీ కొట్టాలి. అలా రోజుల తరబడి. సున్నం గట్టిపడి, కొట్టిన చెక్క గచ్చుకు అంటుకోకుండా దానంతటది పైకి ఎగరాలి. అప్పుడే ఆపాలి. పుస్తకాల్లో ఏడు రోజులని రాస్తారు. చలికాలం ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

మొదటిరోజు నేను కప్పెక్కేసరికి వాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో వయసులో పెద్దామె తల తిప్పి, నన్ను హిందీలో, వచ్చీరాని మాటల్లో, ఏ ఊరని అడిగింది. ఇక్కడివాణ్ణేనని హిందీలో చెప్పాను.

ఎందుకలా చెప్పానో దాచను. అంతకుముందు ఇంకో పనిచోట తెలుగు కూలీలతో తెలుగులో మాట్లాడితే, ఉత్తరాలు రాసిపెట్టమనీ ఆసుపత్రికి తోడు రమ్మనీ నా దగ్గరికి వచ్చారు. నాకు విసుగొచ్చింది. అది సగం కారణం. మిగతా సగం ఇంకా చిన్నది. ఆఫీసులో నన్ను మద్రాసీ అంటారు. ఆ మాట వినపడకుండా ఉండడానికి పదకొండేళ్ళుగా నా హిందీని అరగదీసి నున్నగా చేసుకున్నాను. తలమీద గంప పెట్టుకున్న ఆడవాళ్ళు అందరి ముందూ నన్ను తమవాడిగా పలకరిస్తే ఆ నున్నదనం పోతుందని భయం.

అలా వాళ్ళకు తెలియకుండా వాళ్ళ మాటలు వింటూ వచ్చాను. నా నల్ల కళ్ళద్దాల మీద, మఫ్లరు మీద జోకులు వేసుకునేవారు. నాకు పెండ్లికొడుకు అని పేరు పెట్టారు. చెక్కలు కొడుతూ పాడేవారు. పెద్దామె ఒక చరణం అప్పటికప్పుడు కట్టి అందుకుంటే, మిగతా ఐదుగురూ చెక్క దెబ్బకు సరిగ్గా జవాబిచ్చేవారు. పొద్దుటి పొగమంచులో ఆ ఆరు చెక్కలు ఒక్కసారే పడే చప్పుడు విని, పక్క బంగళాల కాపలావాళ్ళు గోడ మీంచి చూసేవారు.

ఒకరోజు పదింటికి మంచు విడిపోతుంటే నేను పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. ఈ నగరాన్ని గీసినవాళ్ళు ఇళ్ళు చెట్లకంటే ఎత్తు పెరగకూడదనుకున్నారట. అందుకని కప్పు మీంచి చూస్తే ఇళ్ళు కనిపించవు. వేపలూ నేరేళ్ళూ ఒకే పచ్చటి నేలలా పరుచుకుని ఉంటాయి. ఆ పచ్చదనం మీద, దేన్నీ ఆనుకోకుండా, గుట్ట మీది గుమ్మటం తేలుతూ బయటపడింది. నేనున్నచోటికి అది దూరమే. అయినా టేపు చుట్టడం ఆపి చూశాను. చెక్కల చప్పుడు కూడా ఆగింది. తిరిగి చూస్తే ఆరుగురూ లేచి నిలబడి అటే చూస్తున్నారు. "దేవునిగుడి లెక్కుంది" అంది ఒకామె. "గుడి గాదే, మనసోంటి మనుషులు కట్టిన ఇల్లే" అంది పెద్దామె. తెలుగులో ఏదో అనబోయి, మఫ్లరు సర్దుకున్నాను.

గచ్చు పరిచింది సోమవారం. బుధవారం మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మేమంతా పెద్ద సాబ్ అనే ఆయన, కబురు పంపారు. కొత్తగా ఆ ఇంట్లోకి రాబోయే పెద్దమనిషి గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నారు, పని త్వరగా కానివ్వమని. గురువారం, నాలుగో రోజు, మధ్యాహ్నం నేను కప్పెక్కి, కొట్టడం చాలు, పైన పలచటి పలక ఇటుకలు పరిచేయమని చెప్పాను. నోటిమాటగా చెప్పాను. సైటు పుస్తకంలో రాయలేదు.

పెద్దామె నావైపు చూడలేదు. చెక్క పైకెత్తి, పాట అందుకుంది.

"సున్నమింక పచ్చిగుండె, సుట్టు మబ్బు వట్టవట్టె, తొందరేమి పెండ్లికొడుకా?"

"ఆగరాదా, ఆగరాదా," అని ఐదుగురూ.

"చెక్క ఇంక ఎగరదాయె, నీళ్ళు కిందికి దిగునాయె, తొందరేమి పెండ్లికొడుకా?"

"ఆగరాదా, ఆగరాదా."

నాకు ప్రతి మాటా అర్థమైంది. అందులో నిజముందనీ తెలుసు. వంగి ఒక చెక్క తీసుకుని కొట్టి చూస్తే సరిపోయేది. కానీ ఆ పాటకు నేను జవాబిస్తే నాకు తెలుగు వచ్చని తేలిపోతుంది. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి డెబ్బై ఏళ్ళ కప్పును పణంగా పెట్టాను. హిందీలో, జల్దీ కరో అని, మెట్లు దిగి వెళ్ళిపోయాను.

ఆదివారం వాన మొదలైంది. ఢిల్లీ చలికాలపు వాన, రెండు రోజులు, జోరు లేకుండా, ఆగకుండా. మంగళవారం పొద్దున పుస్తకాల గది తలుపు తీస్తే లోపల తడి సున్నం వాసన. కప్పు అంచు ఆకుల వరసలో ఒక గజం మేర విరిగి నేల మీద పడి ఉంది. టేకు అరల మీద నీళ్ళు జారిన చారలు. ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. వెనకవైపు, గోడకు అంటుకుని ఇన్నేళ్ళూ ఎవరూ చూడనివైపు, పచ్చి సున్నాన్ని అదిమిన వేలిముద్రలు ఉన్నాయి. మూడు వేళ్ళు, స్పష్టంగా, గీతలతో సహా. ఎవడో పనివాడు, పేరు లేదు, ఊరు తెలియదు. నా మూడు వేళ్ళు ఆ గుంటల్లో పెడితే సరిపోయాయి. ఇంత కాలం ఈ వేళ్ళు పట్టుకుని నిలబెట్టినదాన్ని నేను నాలుగు రోజుల తొందరతో కింద పడేశాను.

మధ్యాహ్నం పెద్ద సాబ్ ఠేకేదారుతో వచ్చారు. కప్పు మీద ఒకచోట పలక ఇటుక తీయించి, బూటు మడమతో గచ్చును నొక్కారు. మడమ దిగింది. ఇది కొట్టిన గచ్చేనా అని అడిగారు. ఠేకేదారు చేతులు కట్టుకుని, వీళ్ళు పాడినంత గట్టిగా కొట్టరు సాబ్ అన్నాడు. పెద్దామె ముందుకొచ్చి మాట్లాడబోయింది. ఆమెకు వచ్చిన నాలుగు హిందీ మాటలు దారి తప్పాయి. తెలుగులోకి దిగింది. నాలుగో దినమే బంద్ చేయమన్నరని, చెక్క ఎగరలేదని, సున్నం పచ్చిగా ఉన్నదని చెబుతోంది. అన్నీ నిజాలే.

పెద్ద సాబ్ నావైపు తిరిగారు. "నువ్వు అటువైపువాడివే కదా. ఏమంటోంది?"

అక్కడ రెండు దారులున్నాయి. ఆమె మాటను ఉన్నదున్నట్టు చెబితే తప్పు నాదని తేలుతుంది. మార్చి చెబితే అది నేరుగా అబద్ధం. నేను మూడోది వెతికాను.

"సర్, వీళ్ళ భాష వేరు. నాకు అర్థం కాదు."

ఇందులో ఇంకో మురికి కూడా ఉంది, దాన్నీ ఒప్పుకోవాలి. మా కోస్తా వాళ్ళం కొందరం పాలమూరు మాటను వింటే నవ్వుకుంటాం, అదొక తెలుగా అంటాం. ఆ పాత నవ్వే నాకప్పుడు ఆసరాగా దొరికింది. అబద్ధం చెబుతున్నట్టు కూడా అనిపించలేదు.

ఠీక్ హై అన్నారు పెద్ద సాబ్. మర్నాడు సాయంత్రంలోగా ఈ గుంపును పంపేసి, పని వచ్చినవాళ్ళను తెమ్మని ఠేకేదారుకు చెప్పారు. ఇంకే బంగళాలోనూ వీళ్ళను పెట్టొద్దన్నారు. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. ఆయన చెయ్యి ఊపిన తీరుతో మొత్తం అర్థమైనట్టే ఉంది.

మిగతావాళ్ళంతా దిగాక నేను టేపు చుట్టుకుంటూ ఉండిపోయాను. పెద్దామె చెక్కలు ఏరి గోనెసంచిలో వేస్తోంది. నావైపు చూడకుండానే తెలుగులో అంది.

"సారూ, మిద్దె కొల్సేటప్పుడు నువ్వు లెక్కవెట్టేది తెలుగులనే గద."

టేపు నా చేతిలోనే ఉండిపోయింది. ఒకటి, రెండు, మూడు అని పెదవులతో లెక్కపెట్టుకుంటూ కొలవడం నాకు చిన్నప్పటి అలవాటు. పదకొండేళ్ళ హిందీ దాని జోలికి పోలేదు. ఎప్పుడు తెలిసిందని అడిగాను. అలా అడగడంలో నేను తెలుగులో మాట్లాడానని తర్వాత గమనించాను.

"మొదటి దినమే. అందుకే గద పాటలవెట్టి చెప్పినం. సారుకు మొగం మీద చెప్తే తప్పయితది, పాటల చెప్తే వింటడు అనుకుంటిమి."

నేను చాటుగా వింటున్నానని ఇన్ని రోజులూ అనుకున్నాను. వాళ్ళు నాకే చెబుతున్నారు. నా గౌరవం పోకుండా, నా అబద్ధం చెడకుండా, దెబ్బకొక మాట చొప్పున చెబుతూ వచ్చారు.

"మరి ఇందాక అందరి ముందూ చెప్పొచ్చు కదమ్మా, ఈయనకు తెలుగు వచ్చని."

"నువ్వు దాసుకున్నదాన్ని నేనెందుకు బయటికి గుంజాలె?" సంచి మూతి ముడివేసింది. "పని పోతె పాయె, ఇంకోకాడ దొరుకుతది. గని కొట్టుడు రానోళ్ళు అన్నడు సూడు, అది మంచిగ లేదు సారూ. మా అత్తకాడ నేర్సుకున్న పని."

సంచి నెత్తికెత్తుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మా అమ్మాయిని హోంవర్కు గురించి ఏదో అడిగాను. అది అలవాటుగా హిందీలో జవాబు చెప్పింది. ఇంట్లో తెలుగు మాట్లాడడానికి నీకు సిగ్గా అని దాని మీద అరిచాను. అరుస్తుండగానే నా మాట నాకే వినపడింది. పిల్ల బిత్తరపోయి చూసింది. వంటింట్లోంచి మా ఆవిడ, ఏమైంది మీకివాళ అని అడిగింది. మొత్తం చెప్పాను. ఆమె గిన్నె దింపి, చెయ్యి తుడుచుకుని, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ పెద్దామె స్థానంలో మీ అమ్మ ఉండి ఉంటే అర్థం కాదనేవారా?" అంది. అన్నం పెట్టింది.

బుధవారం మామూలుకంటే గంట ముందే బయలుదేరాను. వంతెన మీద మంచు. బంగళాకు చేరి, వసారాలో ఒక స్తంభాన్ని ఆనుకుని కూర్చుని, సైటు పుస్తకం తెరిచాను. గురువారం మధ్యాహ్నం గచ్చు కొట్టడం ఆపమని నేనే నోటిమాటగా ఆదేశించాననీ, అప్పటికి గచ్చు గట్టిపడలేదనీ, కూలీలు ఆ సంగతి నాకు తెలియజేశారనీ, నేను వినలేదనీ రాశాను. కింద సంతకం చేశాను. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.

పెద్ద సాబ్ వచ్చి, నిలబడే చదివారు. రెండోసారి చదివారు. అచ్ఛా, అన్నారు. కూలీలు నీకు తెలియజేశారని రాశావు, ఏ భాషలో అని అడిగారు. తెలుగులో సర్, అది నా భాషే, నిన్న అబద్ధం చెప్పాను అన్నాను. అక్కడే ఉన్న ఠేకేదారు పళ్ళికిలించాడు.

"వాహ్ సాబ్, ఒక్క రాత్రిలో నేర్చుకున్నారా? మాకూ చెప్పండి, ఎక్కడ ట్యూషన్."

తలవంచుకుని విన్నాను. ఆ మాట నాకు రావలసిందే. తర్వాత వెనక్కి వెళ్ళాను. ఆడవాళ్ళు నౌకర్ల గదుల వెనక తాము డేరాలా కట్టుకున్న టార్పాలిన్ పట్టా విప్పి మూటలు కడుతున్నారు. వాళ్ళ ముందు నిలబడి, పెద్ద సాబ్‌కూ ఠేకేదారుకూ వినపడేలా తెలుగులో చెప్పాను. తప్పు నాది, మీ కొట్టుడుది కాదు, నాలుగో రోజున ఆపించింది నేను, మీరు చెప్పినా విననిది నేను, నిన్న మీ మాట నాకు అర్థం కాలేదన్నది అబద్ధం. ఆ తర్వాత అదే మాటను హిందీలో పెద్ద సాబ్‌కు చెప్పాను. పెద్దామె మూట ముడి మీద చెయ్యి పెట్టి వింది. కాసేపటికి ముడి విప్పడం మొదలుపెట్టింది.

పెద్ద సాబ్ నాకు మెమో ఇచ్చారు, ఆ ఇంటి బాధ్యత ఇంకొకరికి అప్పగించారు. ఇవ్వవలసినదే ఇచ్చారు. గుంపును మాత్రం ఉంచారు. పుస్తకాల గది కప్పు మళ్ళీ మొదటి నుంచి వేయమన్నారు. ముహూర్తం వేళకు కొత్తవాళ్ళు ముందు హాల్లో హోమం చేసుకున్నారు. ఉత్తరపు గదికి తాళం వేసి ఉంచారు. దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తొందరంతా దేనికో నాకు ఇప్పటికీ తెలియదు.

గచ్చు మళ్ళీ పరిచిన రోజు నేను సెలవు చీటీ ఇచ్చి, పాత ప్యాంటు వేసుకుని కప్పెక్కాను. నన్నూ కొట్టనివ్వమని పెద్దామెను అడిగాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నా అరచేతులు తిప్పి చూసి, సంచిలోంచి అన్నిటికంటే తేలికైన చెక్క తీసి ఇచ్చింది. వరసలో చివర కూర్చోబెట్టింది. కళ్ళద్దాలు తీసెయ్యమంది.

"మణికట్టు ఇడువు సారూ. చెక్కను నువ్వు కొట్టొద్దు, దాని బరువే కొడ్తది. నువ్వు లేపుడే."

మొదటిరోజు నా దెబ్బ వాళ్ళ ఆరు దెబ్బల తర్వాత ఒంటరిగా పడేది. రెండో రోజు బొబ్బలు లేచాయి. ఒకామె తన పైట అంచు చింపి చేతికి కట్టుకోమంది. మూడో రోజు ఉస్తాద్ ఊరి నుంచి తిరిగొచ్చి కప్పెక్కాడు. నన్ను చూసి ఏమీ అడగకుండా, వంగి, నా ముందరి గచ్చును బొటనవేలితో నొక్కి, ఇంకా రాలేదు బేటా అని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, పోయినసారి నేను ఆపించిన వేళకు, నాకు నడుము తెగిపోతోంది. ఆగుదామని నోటిదాకా వచ్చింది. పెద్దామె అప్పుడే పాట అందుకుంది. తొందరేమి పెండ్లికొడుకా, అని. ఈసారి ఐదుగురితో పాటు నేనూ జవాబిచ్చాను. ఆగరాదా, ఆగరాదా. ఆడవాళ్ళు చెక్కలు కింద పడేసి నవ్వారు.

ఎనిమిదో రోజు పొద్దున మంచు మెల్లగా లేస్తోంది. చెట్ల పచ్చదనం పైన గుమ్మటం సగం బయటపడింది. నేను నా వరస కొడుతూ, ఎప్పటిలాగే, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటున్నాను. ఈసారి పెదవులతో కాదు, గొంతెత్తి. పన్నెండు అన్నప్పుడు చెక్క గచ్చును తాకి, నా చేతి ప్రమేయం లేకుండా, దానంతటది పైకి లేచింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేచింది. పెద్దామె చెవి ఒగ్గి వింది.

"ఇగ వచ్చింది సారూ. ఆ మూలకు జరుగు, అక్కడ ఇంక పచ్చిగున్నది."

మూలకు జరిగాను.